ఏడో ట్యూబు మీద మీగడ

నా పని దూది పని. కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబు ఉంది. ముప్పై ఏళ్లుగా అక్కడ ట్యూబులు కడుగుతాను, ఆరబెడతాను, మూతులకి దూది బిగిస్తాను. చూసేవాళ్లకి తేలిగ్గానే ఉంటుంది. వదులుగా పెడితే గాలిలో ఉన్నవి లోపలికి దూరతాయి. మరీ బిగిస్తే పిల్లలు లాగేటప్పుడు మూతి పగులుతుంది. దూది పట్టుకుని ఎత్తితే ట్యూబు జారకూడదు. మెలితిప్పి లాగితే టప్పుమని రావాలి. ఆ చప్పుడు వింటే చాలు, నేను పెట్టిన దూదో ఇంకొకరు పెట్టిందో చెప్పేస్తాను.

కొత్త బ్యాచికి మేడమ్ మొదటిరోజు చెప్పే పాఠం నాకు కంఠతా వచ్చు.

"కంటికి కనపడనంత మాత్రాన లేవనుకోకండి. మీ చేతుల మీద ఉన్నాయి, ఈ బల్ల మీద ఉన్నాయి, ఇప్పుడు మీరు పీల్చిన గాలిలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి మీతో పనిలేదు. కొన్ని మేలు చేస్తాయి. ఏ కొన్నో జబ్బు తెస్తాయి. ఏది ఏదో తెలియాలంటే ముందు దాన్ని మిగతావాటి నుంచి విడదీసి పెంచాలి. తర్వాత రంగు వెయ్యాలి. తర్వాత చూడాలి. చూసిందే చెప్పాలి."

చివరి మాట అనేటప్పుడు మేడమ్ వేలితో బల్ల మీద ఒకటి కొడతారు. ముప్పై ఏళ్లలో ఆ బల్ల మీద అక్కడ పాలిష్ పోయింది.

వాటి పుస్తకం పేర్లు నాకు నోరు తిరగవు. మా ఊరి బడిలో ఐదు దాకా చదివినవాణ్ణి. అందుకని నా పేర్లు నేను పెట్టుకున్నాను. ద్రాక్షపళ్లు గుంపుగా వేలాడినట్టు ఉండేది గుత్తి. పూసలు గుచ్చినట్టు ఉండేది గొలుసు. గులాబీ రంగు పట్టే చిన్న కర్ర పొట్టికర్ర. ఊదా రంగు పట్టి పొడుగ్గా ఉండి, నడుమ గింజంత ఖాళీ కనపడేది గింజకర్ర. ఆ ఖాళీయే స్పోరు. దానికి రంగు ఎక్కదు, నీళ్లలో మరగబెట్టినా చావదు. ఐదోది ఎర్రది. పెరిగినచోట ఎర్ర సిరా ఒలికినట్టు ఉంటుంది. పిల్లలు ముందు నా పేర్లు నేర్చుకుని తర్వాత పుస్తకం పేర్లు నేర్చుకుంటారు. మేడమ్ విననట్టు ఊరుకుంటారు.

ఈ ఐదింటి తల్లి ట్యూబులు ఫ్రిజ్‌లో ఉంటాయి. ఏది ఏదో తెలియడానికి దూది చుట్టూ రంగు దారం కడతాను. గుత్తికి నీలం, గింజకర్రకి ఆకుపచ్చ, గొలుసుకి పసుపు, పొట్టికర్రకి నలుపు, ఎర్రదానికి తెలుపు. ఎర్రదానికి ఎర్ర దారం ఎందుకు కట్టలేదని ప్రతి బ్యాచిలో ఒకరు అడుగుతారు. ఎర్ర దారం దొరకలేదు మొదట్లో. అంతే.

మా కోడలు ఈ కోర్సులో చేరి రెండేళ్లు దాటింది. పెళ్లికి ముందే చదువు ఆగిపోయింది. ఎనిమిదేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టింది. ఒకరోజు అన్నం దగ్గర అడిగింది.

"మావయ్యా, మీ ల్యాబులో ముప్పై దాటినవాళ్లని చేర్చుకుంటారా?"

"ఊఁ" అన్నాను.

మా ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "ఏమే, మీ మావయ్య ఊఁ అన్నారు. అంటే నీకు సీటు వచ్చినట్టే. నాతో పెళ్లికి కూడా అంతే అన్నారు."

మొదటిరోజు ల్యాబులో కోడలు అలవాటు కొద్దీ "మావయ్యా, స్పిరిట్ ఎక్కడ?" అంది. అంతే, క్లాసులో నలభై మందీ ఆ పిలుపు పట్టుకున్నారు. మావయ్యా దూది, మావయ్యా స్లైడు, మావయ్యా దీపం ఆరిపోయింది. ఇంట్లో సంగతి తెలిసి మా ఆవిడ ముక్కున వేలేసుకుంది. "నలభై మంది కోడళ్లూ అల్లుళ్లూనా! పండక్కి బట్టలు ఎవరు పెడతారు?"

కిందటేడాది ప్రాక్టికల్ పరీక్షలో కోడలు తప్పింది. తెలియక తప్పలేదు. ప్రతివాళ్లకీ పేరులేని ట్యూబు ఒకటి ఇస్తారు. నంబరు మాత్రం ఉంటుంది. అందులో ఏముందో రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి చెప్పాలి. ఆమెకి పొట్టికర్ర వచ్చింది. గులాబీ రంగు, పొట్టి కర్రలు అని చక్కగా చెప్పింది. పరీక్ష చెయ్యడానికి బయటి కాలేజీ నుంచి వచ్చినాయన కనుబొమ్మ ఎత్తి "గట్టిగా అనుకుంటున్నావా?" అన్నారు.

"ఏమో సార్... గుండ్రంగానే ఉన్నాయేమో" అంది మా కోడలు.

ఆ మాట ఆయన అందర్నీ అడుగుతారు. తప్పు చెప్పినవాళ్లనీ అడుగుతారు, ఒప్పు చెప్పినవాళ్లనీ అడుగుతారు. పిల్లలు ఆయనకి గట్టిగా సార్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకి తెలియదు.

ఈ ఏడు మళ్లీ రాయాలి. ఇదే ఆఖరు. రెండుసార్లు తప్పితే మూడోసారి లేదు, కోర్సు మొదటినుంచీ చదవాలి. పట్టణానికి నీళ్లు పంపే పంపుహౌసు ల్యాబులో ఆమెకి ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. వచ్చే నెల మొదటి తారీఖుకి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఆ ఉత్తరం అల్మరాలో చీరల మడతల మధ్య ఉంది. రోజుకోసారి తీసి చూసి మళ్లీ పెడుతుంది. చూడనట్టే నేనూ చూస్తాను.

పరీక్షకి నెల ముందునుంచి మా వంటిల్లు ల్యాబు అయింది. మైక్రోస్కోపు లేదు గానీ చేతికి అలవాటు కావాలి కదా. చెంచా కాడే లూపు, అంటే చుక్క తీసే తీగ. పాత గాజుపలక ముక్క స్లైడు. నాలుగు గ్లాసుల్లో నాలుగు రంగుల నీళ్లు. మొదటిది ఊదా, ఒక నిమిషం. కడగాలి. తర్వాత అయోడిన్, ఒక నిమిషం. అది ఊదా రంగుని లోపల పట్టి ఉంచుతుంది. కడగాలి. తర్వాత ఆల్కహాలు, నాలుగైదు చుక్కలు. అన్నిటికన్నా ఇక్కడే జాగ్రత్త. గోడ మందంగా ఉన్నది ఊదా రంగుని వదలదు. గోడ పలచగా ఉన్నది వదిలేస్తుంది. ఎక్కువసేపు పోస్తే వదలకూడనిది కూడా వదిలేస్తుంది. చివర గులాబీ రంగు. రంగు వదిలేసినవాటికి ఇది పడుతుంది.

"అత్తయ్యా, అరవై లెక్కపెట్టు."

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ లెక్కపెట్టేది. "ఇరవై ఒకటి, ఇరవై రెండు... అన్నట్టు పక్కింటావిడ కుక్కర్ అడిగింది, ఇచ్చేశావా? ఇరవై రెండు..."

"ఇరవై రెండు అయిపోయింది అత్తయ్యా!"

"అయితే ఏమైందే, ఆ ప్రాణులకి గడియారం ఉందా?"

ఒకరోజు మా వాడు లిఫ్టులు బాగుచేసే డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి, నాలుగో గ్లాసు గటగటా తాగేశాడు. బీట్‌రూటు నీళ్లే, ప్రమాదం లేదు. "చక్కెర వెయ్యలేదేం?" అన్నాడు. పెదాలు గులాబీ రంగుకి తిరిగాయి. "చూశారా మావయ్యా, ఈయనది పలచటి గోడ" అంది కోడలు. ఆ రాత్రి భోజనాల దగ్గర నవ్వు ఆగితే ఒట్టు.

అయితే మా ఆవిడ బెంగ వేరు. కోడలు లేనప్పుడు చూసి నా దగ్గరికి వచ్చేది.

"ఏమండీ. ఆ ట్యూబుల్లో ఏమేం పోస్తున్నారో మీకు తెలుసుగా."

నేను చేతులు కడుక్కున్నాను.

"ఒక్క ముక్క. మీ ఇంటి పిల్లే కదా."

తువ్వాలు తీసుకున్నాను.

"ట్యూబులకి పెట్టగా మిగిలిన దూది నోట్లో కుక్కుకున్నారా?"

ఎవరికి ఏ నంబరు వస్తుందో నాకు తెలియదని చెప్పొచ్చు. చీటీలు తీస్తారు. చెప్పినా ఆమె వినదు. పైగా తెలిసినా చెప్పేవాణ్ణి కాను. కోడలికీ ఆ సంగతి తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు.

ఈసారి మళ్లీ రాసేవాళ్లు పదిమందే. పరీక్షకి రెండు రోజుల ముందు పొద్దున పది ట్యూబులూ తయారుచేశాను. మేడమ్ కాగితం మీద రాసిచ్చారు, ఒకటిలో గొలుసు, రెండులో గుత్తి, అలా పది దాకా. ఐదు రకాలు, రెండేసి ట్యూబులు. ఏడులో గుత్తి. ఆ కాగితానికి ఇంకో ప్రతి గట్టిగా సార్ కోసం సీలు కవర్లోకి వెళ్లింది.

ప్రతి పరీక్ష ట్యూబుకీ నేను ఒక జోడీ చేస్తాను. ఎవరూ చెప్పిన పని కాదు. నేను చేరిన కొత్తలో ఒక పిల్లవాడు కంగారులో ట్యూబు పడేసి పగలగొట్టుకున్నాడు. ఇంకోటి లేదు. వాడి ఏడాది పోయింది. అప్పటినుంచి అదే నంబరుతో, అదే లూపుతో, అదే నిమిషంలో ఇంకో ట్యూబు చేసి పెడతాను. మూతి మీద కాగితం కట్టి మేడమ్‌తో సంతకం పెట్టిస్తాను. ఇప్పటిదాకా వాటితో అవసరం పడింది మూడుసార్లే.

ఈ పని చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, కిటికీలు ముయ్యాలి. గాలి కదిలితే దుమ్ము కదులుతుంది, దుమ్ముతో పాటు అందులో ఉన్నవీ కదులుతాయి. తెర వేసిన గదిలో స్పిరిట్ దీపం వెలుగే వెలుగు. ఫ్రిజ్‌లోంచి తీసిన తల్లి ట్యూబులకి చెమట పట్టింది. ఈసారి స్టోరాయన కొత్తరకం దారం తెచ్చాడు. ముందుగా ట్యూబుల్ని శుద్ధి చేసే ఆటోక్లేవులో ఆవిరి తగిలాక రంగు వెలిసింది. నీలం వెలిసిపోయింది, ఆకుపచ్చా వెలిసింది. చూశాను. నాకు తెలుస్తుందిలే అనుకున్నాను.

లూపు ఎర్రగా కాల్చడం, చల్లారనివ్వడం, తల్లి ట్యూబులో ముంచి, మేత కలిపిన నీళ్లున్న కొత్త ట్యూబులో ముంచడం, మళ్లీ కాల్చడం. ఇరవై ట్యూబులు. ఆ తర్వాత రెండు రోజులు ఇంక్యుబేటరులో పెట్టాను. మన ఒంటి వేడే ఉంటుంది అందులో.

పరీక్ష రోజు పొద్దున పది ట్యూబులు తీసి, ఒక్కొక్కటీ రెండు అరచేతుల మధ్య తిప్పాను. అడుగున పేరుకున్నది కలవాలి కదా. అలవాటు పని, లోపలికి తేరిపార చూడలేదు. నంబరు కాగితం ట్యూబు చుట్టూ చుట్టి స్టాండులో పెట్టాను. జోడీలు కదపకుండా ఫ్రిజ్‌లో పెట్టాను.

పదిమంది చీటీలు తీశారు. కోడలికి ఏడు వచ్చింది.

నేను గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పరీక్షలో నేను పిల్లలతో మాట్లాడకూడదు. అది నాకు కష్టమైన నియమం కాదు. చూడకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. బల్ల స్పిరిట్‌తో తుడిచింది. దీపం వెలిగించింది. లూపు కాల్చి చల్లార్చింది. దూది చిటికెన వేలితో పట్టి లాగింది. టప్పుమంది. దాన్ని బల్ల మీద పెట్టలేదు. మూతిని మంట మీద ఆడించింది, చుక్క తీసింది, మళ్లీ మంట, మళ్లీ దూది. చుక్కని స్లైడు మీద పలచగా పూసి ఆరనిచ్చి, దీపం మీదుగా మూడుసార్లు ఆడించింది. అలా వేడి చూపితే అవి గాజుకి అంటుకుంటాయి, లేకపోతే నీళ్లలో కొట్టుకుపోతాయి. ఊదా రంగు పోసి పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. మధ్యలో ఒకచోట ఆగి అదే అంకె మళ్లీ అంది. అత్తగారి దగ్గర నేర్చుకున్న లెక్క మరి. నాకు నవ్వొచ్చి గోడవైపు తిరిగాను.

కొంతసేపటికి గట్టిగా సార్ ఆమె బల్ల దగ్గరికి వచ్చారు.

"ఏం చూశావమ్మా?"

"ఊదా రంగు సార్. పొడుగు కర్రలు. కొన్నిటి నడుమ ఖాళీ ఉంది. స్పోరు."

ఆయన కవర్లో కాగితం చూశారు. కనుబొమ్మ లేచింది.

"గట్టిగా అనుకుంటున్నావా?"

పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి రంగు పోస్తున్నది పోస్తూనే ఉండిపోయింది. కోడలి చెంపలు ఎర్రబడటం నాకు కనపడింది. కుడిచేతి బొటనవేలు చూపుడువేలిని రుద్దుతోంది, దారం ముడి వేస్తున్నట్టు. కిందటేడాది కూడా ఇలాగే రుద్దింది. నేను స్టూలు అంచు పట్టుకున్నాను.

కోడలు వంగి మైక్రోస్కోపులో మళ్లీ ఒకసారి చూసింది. తల ఎత్తింది.

"అనుకోవడం కాదు సార్. కనపడుతున్నాయి."

ఆయన తనే వంగి చూశారు. "కర్రలే. కానీ కాగితంలో ఉన్నది ఇది కాదు. గుండ్రంగా ఉండి గుంపులు కట్టేది ఉంది. రంగు రెండిటికీ ఊదాయే, ఆకారం వేరు. ఈ కర్రలు దుమ్ములో ఎక్కడైనా ఉంటాయి. నువ్వు ట్యూబు తెరిచినప్పుడు పడి ఉంటాయి."

"నేను తెరిచి గంట కాలేదు సార్. ఒకటి రెండుగా చీలాలంటే ఇరవై నిమిషాలు పడుతుందని మేడమ్ చెప్పారు. ఒకటి పడితే గంటకి ఎనిమిది. ఇక్కడ లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. గుండ్రటిది ఒక్కటీ లేదు."

మేడమ్ వేలు బల్ల మీద కొట్టబోయి ఆగింది.

"అయితే స్లైడు మురికిది అయి ఉంటుంది. ట్యూబులో కాగితంలో ఉన్నదే ఉంది. ఈ ల్యాబు ట్యూబుల్లో తప్పు ఉండదని నాకు తెలుసు. పదిహేనేళ్లుగా వస్తున్నాను" అన్నారు ఆయన. కలం తీశారు.

పదిహేనేళ్లుగా ఆ మాట ఆయన నోట వినాలని నాకు ఆశ. ఈరోజు వినపడింది.

అప్పుడు చూశాను ఆమె స్టాండులోని ఏడో ట్యూబుని. కాగితం కొంచెం జారింది. లోపల చిన్నచిన్న పొరల తునకలు తేలుతున్నాయి. గుత్తి పెరిగితే నీళ్లు అంతటా ఒకేలా మసకబారతాయి, తునకలు ఉండవు. దీపం వెలుగు, చెమట పట్టిన గాజు, వెలిసిన దారం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

నోరు విప్పితే మామగారు కోడలికి వత్తాసు వచ్చాడంటారు. విప్పకపోతే ఆమె పని అయిపోయినట్టే. లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. జోడీల స్టాండు కదపకుండా, నిండు గిన్నె మోసినట్టు తెచ్చి ఆయన ముందు పెట్టాను. పదీ వరుసగా ఉన్నాయి. ఏడోదాని మీద, కాచి చల్లార్చిన పాల మీద కట్టినట్టు, ముడతలు పడి మీగడ కట్టి ఉంది. గాలి కోసం పైకి తేలి అలా పొర కట్టేది గింజకర్ర. గుత్తి ఎన్నడూ కట్టదు. పరీక్ష ట్యూబులో పొద్దున నేను తిప్పినప్పుడు అది చిదిరి తునకలైంది.

"ఇవి జోడీలు సార్. ఏడోది మీరే తెరవండి."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "నువ్వెవరు?"

"దూది పెట్టేవాణ్ణి సార్."

"ఆ అమ్మాయికి మామగారు కూడా" అన్నారు మేడమ్. దాచే మనిషి కారు. "మూతుల మీద సంతకాలు నావి. మొన్న పొద్దున పెట్టినవి. కాగితాలు చిరగలేదు, చూడండి."

ఆయన కాసేపు సంతకం చూశారు, కాసేపు మీగడ చూశారు. తర్వాత చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నారు. చొక్కా చేతులు మడిచారు. "నేనే చేస్తాను. ఎవరూ ముట్టుకోవద్దు."

పదిమందీ పని వదిలేసి చుట్టూ మూగారు. ఆయన లూపు కాల్చారు, చుక్క తీశారు, స్లైడు మీద పూశారు. ఆరగానే ఊదా రంగు సీసా అందుకున్నారు.

"సార్" అంది కోడలు మెల్లగా. "మంట మీద ఆడించలేదు."

"నాకు చెబుతున్నావా?" అంటూ రంగు పోసేశారు. ఒక నిమిషం అయింది. కుళాయి కింద పట్టారు. నీళ్లతో పాటు ఊదా రంగూ, పూసిందీ అంతా సింకులోకి జారిపోయింది. గాజు అద్దంలా మెరుస్తోంది. అందులో ఆయన మొహమే ఆయనకి కనపడి ఉంటుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పదిమందీ పడ్డ పాట్లు చెప్పలేను. ఒకబ్బాయి దగ్గు నటించాడు. మేడమ్ కిటికీలోంచి ఎక్కడికో చూస్తున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఇరవై ఏళ్లయింది నేను చేత్తో చేసి" అన్నారు ఆయన. వేళ్లన్నీ ఊదా రంగు. "అడగడమే కానీ చెయ్యడం ఎక్కడిది! స్లైడు ఇంకోటి ఇవ్వయ్యా."

ఇచ్చాను. ఈసారి మంట మీద మూడుసార్లు ఆడించి, సరేనా అన్నట్టు కోడలివైపు చూశారు. ఆమె తలూపింది. నాలుగు రంగులూ అయ్యాయి. స్పష్టంగా కనపడేందుకు స్లైడు మీద నూనె చుక్క వేసి, వంగి, చాలాసేపు చూశారు. లేచినప్పుడు ముక్కు మీద కూడా ఊదా మచ్చ.

"కర్రలు. నడుమ ఖాళీ." ఆయన మేడమ్‌వైపు తిరిగారు. "అమ్మాయి చెప్పిందే ఒప్పు. కాగితమే తప్పు. ఎవరి తప్పు ఇది?"

"నాదే సార్" అన్నాను. "దారం రంగు వెలిసింది. దీపం వెలుగులో నీలం, ఆకుపచ్చ ఒకలాగే కనపడ్డాయి. తల్లి ట్యూబుకి చెమట పట్టింది, తుడిచి చూడాల్సింది. తుడవలేదు. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను, నాకు తెలుస్తుందిలే అనుకున్నాను. ఇంకెవరికైనా ఇలా జరిగిందేమో, మిగతా తొమ్మిది జోడీలూ చూడండి. ఒక్కరికీ నా వల్ల అన్యాయం జరగకూడదు."

అందరూ మైక్రోస్కోపు మాట మరిచి నన్నే చూస్తున్నారు.

"మీ గొంతు ఇలా ఉంటుందా!" అన్నారు మేడమ్. "ఇన్నేళ్లలో మీరు ఆడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు."

తొమ్మిదీ చూశారు. మేడమ్, ఆయన పక్కపక్కన కూర్చుని, మధ్యాహ్నం దాకా. తొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి. స్లైడు ఆరేలోగా ఆయన పిల్లలకి తన చదువుకునే రోజుల కబుర్లు చెప్పారు. ఒకసారి దీపానికి జుట్టు అంటించుకున్నారట. ఆ ల్యాబులో పరీక్ష రోజు అంత నవ్వు ఎప్పుడూ వినలేదు.

మార్కుల కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆయన కోడల్ని పిలిచారు.

"నేను ఇంకోసారి అడిగి ఉంటే మాట మార్చేదానివా?"

"లేదు సార్. రేపు నీళ్ల ల్యాబులో కూర్చుంటాను. ఎవరో కనుబొమ్మ ఎత్తారని ఉన్నవి లేవంటే ఊరంతా ఆ నీళ్లే తాగాలి."

"గట్టిగానా?"

"గట్టిగా సార్!" అని పదిమందీ ఒక్కసారే అరిచారు. అరిచాక ఏం అన్నారో తెలిసి నాలుకలు కరుచుకున్నారు. ఆయనకి అర్థం కాలేదు. సంతోషంగా తలూపి సంతకం పెట్టారు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. కోడలు చెప్పింది, మొదటినుంచి చివరిదాకా, స్లైడు కొట్టుకుపోయిన చోట రెండుసార్లు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత నావైపు తిరిగింది.

"అంటే మీరు తప్పు చేస్తే, ఆ తప్పు పట్టుకుని నా కోడలు పాసైందన్నమాట."

"ఊఁ" అన్నాను.

"వెధవ ఊఁ! అక్కడ అంతసేపు మాట్లాడారట. ఇంట్లో మిగిల్చింది ఇదేనా?"

ఆ సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. మా ఆవిడ చెప్పే లెక్కలో మీగడ బెత్తెడు మందం అయింది.

సర్టిఫికెట్ నెలాఖరుకి రెండు రోజుల ముందు వచ్చింది. పంపుహౌసుకి వెళ్లే ముందురోజు కోడలు నా ముందు పాత డబ్బా పెట్టింది. నిండా గుండీలు. ఫ్యాక్టరీ రోజుల్లో మిగిలినవి.

"మావయ్యా, దారం రంగు పోతుంది. ఆకారం పోదు. ట్యూబు మెడకి ఇవి కట్టండి. రెండు బొక్కలది, నాలుగు బొక్కలది, పలకలది, ఇత్తడిది, చిన్న కాడ ఉన్నది. ఐదింటికి ఐదు."

మర్నాడు ఆటోక్లేవులో వేసి చూశాను. పలకల గుండీ కరిగి దూదికి అంటుకుపోయింది. మేడమ్ వచ్చి చూసి, బెల్లం పాకంలా ఉందన్నారు. కోడలు మందమైన పలకల గుండీ ఇంకోటి పంపింది. అది కరగలేదు. ఇప్పుడు ఐదూ ఆవిరికి తట్టుకున్నాయి.

నిన్న కొత్త బ్యాచికి ట్యూబులు చేశాను. ఫ్యాను ఆపి, తెర వేసి, దీపం వెలిగించి, కళ్లు మూసుకుని స్టాండు మీద చెయ్యి వేశాను. నాలుగు బొక్కలు. గుత్తి. కళ్లు తెరిచాను. ట్యూబుకి పట్టిన చెమట తుడిచి, మళ్లీ చూశాను.